తాళం లేని మాటలు

పొద్దున వచ్చుడుతోనే స్వరూప మైకు మూతిని కొంగుతో తుడుస్తది. ఒక గుక్కెడు నీళ్లు తాగి, గొంతు సవరించుకుని, కిటికీ జాలిలో నుంచి బస్సుల బోర్డులు చూస్తది. ఇగ మొదలు.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. చెన్నూరు వెళ్లు బస్సు మూడవ ప్లాట్‌ఫారం మీదకు వచ్చి ఉన్నది."

మంచిర్యాల బస్టాండు ఎంక్వైరీ గదిలో ఆమె చాన ఏండ్ల నుంచి చేస్తున్న పని అదే. పొద్దంతా మాట్లాడుడే, కానీ ఎవ్వలతోని మాట్లాడినట్టు కాదు. ఆ గొంతు ఎరగనోళ్లు ఆ ఊళ్లో లేరు. బజార్లో కూరగాయలు కొంటూ నోరు తెరిస్తే, అమ్మేటామె తల ఎత్తి, "నువ్వు బస్టాండామెవు కదా" అని నవ్వుతది. అంతే, ఆ తర్వాత మాట ఉండది.

ఆమె బాపు బుచ్చిరాములు బొగ్గుబాయిలో పనిచేసిండు. ఆయన పోయినంక క్వార్టరు కంపెనీకి అప్పజెప్పాల్సి వచ్చింది. పెండ్లి చేసుకున్న ఓంప్రకాశ్ బల్లార్షా దిక్కు పనికి పోయి, అక్కడనే ఇంకో ఇల్లు చేసుకున్నడు. స్వరూప లొల్లి పెట్టుకోలేదు. హమాలీవాడలో ఒక్క రూము కిరాయికి తీసుకుని, ఒక్కతే వండుకుని, ఒక్కతే తిని, పొద్దుగాల్ల బస్టాండుకు వచ్చేది.

బస్టాండులో ఫ్రీ వైఫై పెట్టిన ఏడు, దాని పెట్టెను స్వరూప గది మీది స్తంభానికి బిగించిండ్రు. మరునాడే ఆమె చెవిలో ఎవరో, "మినపప్పు తెచ్చుడు మర్చిపోకు" అన్నరు. "సరే" అన్నది స్వరూప, అలవాటు లేని మాటకు జవాబు చెప్పినట్టు. తిరిగి చూస్తే గదిలో ఎవ్వలు లేరు. కాసేపటికి ఇంకో మాట వచ్చింది. "బాపుకు స్కానింగుల ఏం రాలేదట, ఇగ ఏడువకు." ఎవరి బాపో తెల్వదు, ఏం రోగమనుకున్నరో తెల్వదు. స్వరూపకు ఆ పూటంతా మనసు తేలికగా ఉన్నది.

అర్థం చేసుకునుటకు ఎక్కువ రోజులు పట్టలేదు. స్తంభం మీది పెట్టెలో నుంచి పోయే మాటల్లో, తాళం వేసుకుని పోయేటియి మూత పెట్టిన కుండలో తేనెటీగల లెక్క జుమ్మంటున్నయి. తాళం లేకుండ పోయేటియి మాత్రం పక్కన కూసోని చెప్పినట్టు చెవిలో పడుతున్నయి.

బస్సుల లెక్క చూసే కంట్రోలర్ హనుమండ్లుకు ఆమె ఈ సంగతి చెప్పింది. ఆయన రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, తొందరపడడు.

"గంతేనా?" అన్నడు. "నీ మొఖం చూసి జ్వరమొచ్చిందేమో అనుకున్న. మా చిన్నమ్మకు గట్లనే, వాన వచ్చే ముందు మోకాళ్లు చెప్పేటియి. చెవులు నొస్తున్నయా?"

"నొస్తలేవన్నా."

"నొస్తే చెప్పు, దవాఖానకు పోదాం."

బస్టాండులో అందరికీ తెలిసిపోయింది. ఎవ్వలూ ఆశ్చర్యపోలేదు. చాయ్ అమ్మే బాలమల్లు కొత్తగా వచ్చినోళ్లకు గ్లాసు అందిస్తూ చెప్పేటోడు. "వైఫై ఫ్రీయేనే, కని అడ్రసు కాడ తాళం బొమ్మ ఉన్నదో లేదో చూసుకో. లేకుంటే స్వరూపక్క చెవుల పడ్తది." కాలేజీ పిల్లగాండ్లు కొందరు కావాలనే తాళం లేని పేజీ తెరిచి, "అక్కా, ఆసిఫాబాద్ బస్సు పోయిందా?" అని రాసేది. ఆమె మైకులో, "ఆసిఫాబాద్ బస్సు ఇంకా రాలేదు" అనేది. పిల్లగాండ్లు సంబురపడేది.

కానీ మెల్లమెల్లగా ఆమె గదిలోని స్టూలు ఖాళీ అయింది. ఇదివరకు డ్యూటీ దిగిన కండక్టర్లు అక్కడ కాసేపు కూసునేది, తెచ్చుకున్న సద్ది విప్పుకునేది. ఇప్పుడు కిటికీ బయటనే నిలబడి రెండు మాటలు మాట్లాడి పోతున్నరు. వాళ్ల ఇండ్లల్లో సంగతులు ఆమెకు ఎర్కనే ఉంటయని సిగ్గు. స్వరూప ఎవ్వల మాటా ఎవ్వలకూ చెప్పలేదు. అయినా, తెలిసీ నోరు మూసుకున్న మనిషి పక్కన కూసునుడు కష్టమే కావచ్చు. ఒక కండక్టర్ భార్యకు మూడో నెలలో కడుపు పోయింది. ఆ సంగతి ఆమెకు తెలుసు. పొద్దున అతను ఎదురైతే, "ఎట్లున్నది నీ భార్యకు?" అని అడగాలని నాలుక కొస దాకా వచ్చింది. అడిగితే ఎట్ల తెలిసిందంటడు. అందుకని అతని బస్సు నంబరు మాత్రం మైకులో చెప్పింది.

ఊరందరి మాటలూ చెవిలో ఉన్నయి. అందులో ఒక్కటి కూడా ఆమెతోని అన్నది కాదు.

అట్లాంటి రోజుల్లోనే భవ్యశ్రీ మాటలు రావడం మొదలయింది.

ఆ పిల్ల పొద్దు వాలినంక వచ్చేది. స్వరూప ఆమెను చూసింది లేదు. ఆ యాళ్లకు ఆడపిల్లలు కూసునే దిక్కు చున్నీలు, మాస్కులు కట్టుకున్న మొఖాలు చాన ఉంటయి, అన్ని చేతుల్లో ఫోన్లుంటయి. అందులో ఎవరో ఒకరు. మాటలు మాత్రం స్పష్టంగా వచ్చేటియి. సిరిసిల్లలో ఉన్న పద్మలత అనే దోస్తుకు రాసేది. పద్మలత కూడా రాసేది, మరమగ్గాల కార్ఖానా పక్కన ఇల్లట, చప్పుడుకు ఫోన్ల మాట్లాడరాదు కాబట్టి రాసుడే.

ఒక్కొక్క సాయంత్రం ఒక్కొక్క ముక్క విని, స్వరూపకు ఆ పిల్ల బతుకంతా తెలిసింది. భవ్యశ్రీ నర్సు. ఒక చిన్న నర్సింగ్ హోములో పనికి కుదిరింది, దాని పేరు ఎన్నడూ రాయలేదు. భర్త హరీష్‌ది కరీంనగర్‌లో ఫోన్లు బాగుచేసే దుకాణం. "నా ఫోను తాళం ఆయనకు తెలుసు. ఆయన ఫోను తాళం నాకు తెల్వది. గదేనే మా కాపురం" అని రాసింది ఒకసారి. చెయ్యి విరిగినప్పుడు మెట్ల మీద నుంచి పడ్డనని తన దవాఖానలోనే అబద్ధం చెప్పింది. రెండోసారి చెప్పబుద్ధి కాక, కట్టుబట్టలతో ఇల్లు విడిచి వచ్చింది. సిమ్ము తీసి పారేసింది, వేస్తే జాడ తెలుస్తదని. ఎవరో ఇచ్చిన పాత ఫోను బస్టాండు వైఫై మీదనే నడుస్తది. హరీష్‌కు తెల్వని దారి ఒక్కటే మిగిలింది, వాళ్ల నర్సింగ్ కాలేజీ పిల్లలు ఎప్పుడో పెట్టుకున్న పాత చాటింగ్ పేజీ. దానికి తాళం లేదు. ఆ సంగతి ఆ పిల్ల చూసుకోలేదు.

"ఇయ్యాల అన్నం వండుకున్ననే. నాకొక్కదానికే. ఎవ్వలూ గిన్నె ఇసిరికొట్టలే" అని రాసిన రోజు స్వరూప మైకు ఆపి కండ్లు తుడుచుకుంది. తనూ ఒక్కదానికే వండుకుంటది. కానీ అది సంబరపడే సంగతి అని ఎన్నడూ అనుకోలేదు.

ఇంకో రోజు తన అమ్మమ్మ ఊరి గురించి రాసింది. మల్లెలగూడెం. పేరుకే ఊరు, ఇరవై ఇండ్లు. రిజర్వాయర్ కట్టినప్పుడు నీళ్లల్ల మునిగిపోయింది. "ఇప్పటికీ కలల్ల గా ఊరి బస్సు ఎక్కుతుంటనే. మూడేండ్లు కాపురం చేసిన కని, నీ అమ్మమ్మది ఏ ఊరని ఆయన ఒక్కనాడు అడగలే."

స్వరూప రోజూ ఆ యాళ్లకు చాయ్ తెప్పించుకునేది. ముందర తాగితే అప్పటికి చల్లారిపోతదని ఆగేది. మాటలు వస్తుంటే గదిలో ఒక్కతే జవాబు చెప్పేది. "మంచిగ చేసినవ్." "జ్వరమొస్తే నీళ్లు ఎక్కువ తాగు." "గట్ల భయపడకు." ఇంటికి పోయి వండుకునేటప్పుడు కూడా ఆ పిల్ల ఏం వండుకుంటున్నదో అని ఆలోచించేది.

హనుమండ్లు ఒకనాడు కిటికీ దగ్గర నిలబడి ఇది గమనించిండు.

"ఎవ్వలతో మాట్లాడుతున్నవ్?"

స్వరూప చెప్పింది. పేరు చెప్పలేదు, ఒక ఆడపిల్ల అని మాత్రం చెప్పింది.

"మరి ఆ పిల్లకు చెప్పరాదు? తాళం లేని దారిల పోతున్నయి నీ మాటలు అని."

"చెప్తనన్నా."

"నీ చెవుల పడ్డది ఇంకొకని చెవుల పడదని ఏమున్నది? నీకు దేవుడిచ్చిండు. కొందరు మిషన్లు పెట్టుకుని ఇంటరట."

"రేపు చెప్త."

రేపు చెప్పలేదు. ఎల్లుండి కూడా చెప్పలేదు. చెప్తే ఆ పిల్ల తాళమున్న దారి చూసుకుంటది. అప్పుడు సాయంత్రం తేనెటీగల చప్పుడు తప్ప ఏముంటది? ఈ ఒక్క వారం విందాం, పండుగ దాకా విందాం అని స్వరూప తనకు తాను గడువు పెట్టుకుని, గడువు దాటగానే ఇంకోటి పెట్టుకున్నది.

వానకాలం మొదట్లో ఒక సాయంత్రం భవ్యశ్రీ రాసింది. "నన్ను కన్న అవ్వ గొంతు ఇనబుద్ధయిందే. పక్కన కూసున్నామె ఫోను అడిగి చేసిన. బతికే ఉన్న అని చెప్పి పెట్టేసిన. ఎక్కడున్ననో చెప్పలే." పద్మలత గాబరాపడ్డది. "అవ్వ పక్కకు ఎవ్వలున్నరో ఏమోనే." భవ్యశ్రీ, "ఏం కాదులే. కొత్త రూము దొరికింది. రేపు అడ్రసు పంపుత, నువ్వొచ్చి ఒక్క రోజన్న ఉండిపో" అని రాసింది.

మరునాడు పొద్దు నడినెత్తికి వచ్చే యాళ్లకు కిటికీ ముందర ఒకతను నిలబడ్డడు. ఇస్త్రీ అంగీ, భుజానికి నల్ల బ్యాగు, నెమ్మదైన మాట.

"అక్కా, నమస్తే. మీ గొంతు ఇనంగనే గుర్తుపట్టిన."

"ఏ బస్సు కావాలె?"

"బస్సు కాదక్కా." ఫోనులో ఫొటో చూపించిండు. పెండ్లి పూలదండలో ఒక బక్కపలచని పిల్ల, నవ్వీ నవ్వనట్టు ఉన్నది. "నా భార్య. జర మనసు బాగలేక ఇంట్ల నుంచి వచ్చింది. వాళ్ల అవ్వకు ఫోన్ చేసినప్పుడు నేను పక్కనే ఉన్న. వెనుకంగ మీ గొంతు ఇనవడ్డది, చెన్నూరు వెళ్లు బస్సు అని. రోజు గీడికి వస్తదా అక్కా?"

స్వరూప ఫొటో దిక్కు వంగింది. మొదటిసారి ఆ పిల్ల మొఖం చూసింది, అది కూడా ఇతని చేతిలో. తన గొంతే దారి చూపించిందని అర్థమయింది.

"రోజుకు ఎంతోమంది వస్తరు తమ్మీ" అన్నది. "మొఖాలు నేను చూడ. బోర్డులు చూస్త."

"సరే అక్కా. మీరు ఫికర్ చెయ్యకుండ్రి, నేను చూసుకుంట." నవ్వి వెళ్లిపోయిండు.

పోయి చాయ్ దుకాణం వెనుక బెంచీ మీద కూసున్నడు. కాసేపటికి స్వరూప చెవిలో ఒక కొత్త మాట పడ్డది. అతనే, ఎవరో దోస్తుకు రాస్తున్నడు. ఇతరుల తలుపులు తెరిచేటోడు తన తలుపు మూసుకున్నదో లేదో చూసుకోలేదు.

"నలుగురి ముందల పట్టుకుంటే లొల్లి అయితది. ఎక్కడ ఉంటున్నదో తెలిస్తే చాలు, ఇంటికాడ చూసుకోవచ్చు. సిమ్ము లేదు కాబట్టి గీ ఫ్రీ వైఫై మీదనే ఉంటది, అందుకే గీ బస్టాండు వైఫై పేరుతోనే నా పెట్టె పెడుతున్న. ఫోను పేరు చూసి కలుస్తది, మనిషిని చూసి కాదు. ఒక్కసారి కలిసిందంటే అది రాసేటియన్నీ నా బ్యాగులకే వస్తయి."

స్వరూప తరువాతి బస్సు చెప్పుడు మర్చిపోయింది. బయట జనం కిటికీ దిక్కు చూసిండ్రు. ఆ బస్టాండులో మైకు అట్ల మూగపోయింది ఎన్నడూ లేదు.

హనుమండ్లు వచ్చేసరికి ఆమె నిలబడి ఉన్నది. అంతా చెప్పింది, ఈసారి పేర్లతో సహా. తను ఇన్నాళ్లు చెప్పకుండా ఆగిన సంగతి కూడా చెప్పింది. ఆయన తిట్టలేదు. చాలాసేపు నెత్తి గోక్కున్నడు.

"ఆ పిల్లను గుర్తుపడ్తవా?"

"మాస్కు ఉంటదన్నా. ఫొటోల ఒక్కసారి చూసిన. గుర్తుపట్టి నేను పోయి మాట్లాడితే వాడు చూస్తడు. మైకుల పేరు పిలిచినా ఇంటడు."

"మరి?"

"వాడు ఎన్నడూ అడగనిది ఒకటున్నది" అన్నది స్వరూప.

పొద్దు వాలింది. చినుకులు పడుతున్నయి, జనం షెడ్డు కిందికి జరిగిండ్రు. ఉన్నట్టుండి స్వరూప చెవులు ఖాళీ అయినయి. పిల్లగాండ్ల ఎక్కిరింతలు లేవు, ఎవ్వలింటి కూర సంగతీ లేదు, తేనెటీగల చప్పుడు కూడా లేదు. స్తంభం మీద పెట్టె దీపం మాత్రం వెలుగుతనే ఉన్నది. ఆమె తన ఫోను తీసి చూసింది. బస్టాండు వైఫై పేరు రెండుసార్లు ఉన్నది, ఒక్క అక్షరం తేడా లేకుండ. ఒకటి పెట్టెది. రెండోది బెంచీ మీది నల్ల బ్యాగుది, దాని బలమే ఎక్కువ. బస్టాండులోని ఫోన్లన్నీ పేరు విని అటే పోయినయి.

ఇగ ఆగేది లేదు. స్వరూప మైకు దగ్గరకు తీసుకున్నది. గొంతు రోజూ ఉన్నట్టే ఉండాలె.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. మల్లెలగూడెం వెళ్లు బస్సు డిపో వెనుక గేటు వద్ద నిలిచి ఉన్నది. మల్లెలగూడెం ప్రయాణికులు తమ ఫోన్లలో ఏమియూ తెరవకుండా, ఫోను పూర్తిగా ఆపి, వెంటనే వెనుక గేటు వద్దకు రావలెను."

రెండోసారి చెప్పింది. మూడోసారి చెప్పేటప్పుడు గొంతులో ఇంటి భాష వచ్చేసింది. "మల్లెలగూడెం పోయేటోళ్లు, జల్ది రా బిడ్డా."

బెంచీ మీద హరీష్ తల ఎత్తలేదు. అతనికి అది ఏదో ఊరు.

ఆడపిల్లలు కూసునే దిక్కు, మాస్కు కట్టుకున్న ఒక పిల్ల ఫోను పట్టుకుని కదలకుండ కూసున్నది. మునిగిపోయిన ఊరికి బస్సు వచ్చిందని మైకులో చెప్తే ఎవరైనా అట్లనే కూసుంటరు. తర్వాత ఆమె ఫోను ఆపి సంచిలో పెట్టింది. లేచి, ఎవ్వల దిక్కూ చూడకుండ, వానలో డిపో వెనక్కు నడిచింది.

గేటు దగ్గర బస్సు లేదు, గొడుగు పట్టుకుని హనుమండ్లు ఉన్నడు. "రా బిడ్డా" అన్నడు. "నీ పేరు నేను పిలువ. లోపలికి రా."

వెనుక దారిన స్వరూప గదిలోకి తీసుకొచ్చి, తలుపు దగ్గరికి వేసి, తను బయట నిలబడ్డడు. స్వరూప మైకు బందు చేసింది. భవ్యశ్రీ మాస్కు తీసింది. ఫొటోలో కంటే పెద్దగా కనపడ్డది, ఫొటోలో లేని చూపు కండ్లల్ల ఉన్నది.

"మల్లెలగూడెం మీకెట్ల తెలుసు?"

"హరీష్ బయట ఉన్నడు బిడ్డా. నల్ల బ్యాగు పట్టుకుని కూసున్నడు. ఆ బ్యాగుల ఉన్న పెట్టెకు బస్టాండు వైఫై పేరే పెట్టిండు. నువ్వు అడ్రసు రాసుంటే అతనికే పోయేది."

భవ్యశ్రీ గోడను పట్టుకుని నిలబడ్డది. "రాయలే" అన్నది. "రాద్దామని పేజీ తెరిచిన. గంతల మీరు ఊరి పేరు చెప్పిండ్రు." మళ్లీ అడిగింది, ఈసారి మెల్లగా. "ఊరి సంగతి పద్మలతకు తప్ప ఎవ్వలకు చెప్పలే నేను."

స్వరూప స్టూలు ముందుకు జరిపింది. పిల్ల కూసోలేదు.

"నువ్వు రాసే పేజీకి తాళం లేదు. అన్నీ నా చెవుల పడ్డయి. నువ్వు మొదటి రోజు రాసిన కాడి నుంచి."

"అన్నీ?"

"అన్నీ."

"మరి ముందే ఎందుకు చెప్పలే?"

బయట బస్సు హారన్ కొట్టింది. స్వరూప ఉన్నదే చెప్పింది.

"చెప్తే మాటలు ఆగిపోతయని. నాతోని మాట్లాడేటోళ్లు ఎవ్వలు లేరు బిడ్డా. నువ్వు కూడా నాతోని మాట్లాడలే, నాకెర్కనే. అయినా ఇంటే బాగుండేది."

భవ్యశ్రీ ముఖంలో కోపం వచ్చింది. రావాల్సిందే. "ఆయన కూడా గట్లనే నా ఫోను చదివేటోడు" అన్నది. ఆ మాట స్వరూపకు చెంప మీద కొట్టినట్టు తగిలింది. తల వంచుకున్నది, కాదనలేదు.

కాసేపటికి పిల్ల స్టూలు మీద కూసున్నది. ఏడ్చింది. స్వరూప దగ్గరికి పోయి వీపు నిమరాలనుకుని చెయ్యి చాపి, ముట్టుకోకుండనే ఆగింది. పిల్లే ఆ చెయ్యి పట్టుకున్నది.

బయట పోలీసు అవుట్‌పోస్టులో పనిచేసే ఆడ కానిస్టేబుల్ హరీష్ బెంచీ దగ్గరికి పోయింది. హనుమండ్లు ముందే చెప్పి ఉంచిండు. "బ్యాగు తెరువు తమ్మీ." చిన్న పెట్టె, బ్యాటరీ, వైర్లు. తెరిచిన కంప్యూటర్‌లో ఆ సాయంత్రం బస్టాండులో కూసున్నోళ్ల మెయిళ్లూ, పాస్‌వర్డులూ ఒకదాని కింద ఒకటి. హరీష్ నవ్వుతనే ఉన్నడు. "పబ్లిక్ సేవ మేడం, నెట్ స్లో ఉంటే సాయం చేస్తున్న."

"సేవ స్టేషన్ల చేద్దువు రా" అన్నది కానిస్టేబుల్. చుట్టూ చేరిన వాళ్లు తమ ఫోన్లు చూసుకుని మొఖాలు చిన్నబుచ్చుకున్నరు. బాలమల్లు చాయ్ కుండ దించి, "బద్మాష్, నా దుకాణం నీడకే కూసున్నడు" అని మొత్తుకున్నడు.

అతను ఎప్పటికో ఒకప్పుడు బయటికి వస్తడు, అది అందరికీ తెలుసు. అందుకని ఆ రోజే భవ్యశ్రీ కేసు రాసిచ్చి, ఆ రోజే ఊరు విడిచింది. కానిస్టేబుల్ తన ఎరుకలో ఒక హాస్టలు మాట్లాడింది, అక్కడి దవాఖానలో పని కూడా దొరుకుతదన్నది. బస్సు ఎక్కే ముందు పిల్ల కిటికీ దగ్గరికి వచ్చింది.

"అక్కా, నేను పోయేది..."

స్వరూప రెండు చేతులతో చెవులు మూసుకున్నది. "నాకు చెప్పకు. నాకు కూడా తాళమెయ్యి బిడ్డా. ఫోనుల పాత వైఫై పేర్లన్నీ తీసెయ్యి, తెలిసిన పేరని దానంతట అది పోయి కలుస్తది. పాస్‌వర్డులన్నీ మార్చు. తాళం బొమ్మ లేని కాడ ఒక్క ముక్క కూడా రాయకు."

పిల్ల కిటికీ జాలిలో నుంచి ఆమెను చూసింది. క్షమించిందో లేదో చెప్పలేదు. "మంచిగుండుండ్రి" అన్నది.

ఆ బస్సు ఏదో స్వరూప చూడలేదు. బోర్డులన్నీ చదివే మనిషి ఆ ఒక్క బోర్డు చదవకుండ కండ్లు మూసుకున్నది. ఆ బస్సును మైకులో హనుమండ్లే చెప్పిండు, తప్పులతో; అది అయ్యేదాకా ఆమె మళ్లీ చెవులు మూసుకునే ఉన్నది.

మరునాటి నుంచి స్వరూప బస్సుల మధ్యలో ఇంకో సంగతి చెప్పుడు మొదలుపెట్టింది. వైఫై పేరు రెండు సార్లు కనపడితే కలపవద్దని, తాళం బొమ్మ చూసుకోవాలని, బ్యాంకు పనులు బస్టాండులో చెయ్యవద్దని, పని అయినంక వైఫై ఆపివేయాలని. ఆ గొంతుతో చెప్తే జనం విన్నరు. హరీష్ సంగతి తెలిసినోళ్లు మరింత విన్నరు. కాలేజీ పిల్లగాండ్లు పెద్దవాళ్ల ఫోన్లు తీసుకుని సరిచేసి ఇచ్చిండ్రు.

దానితోని ఆమె చెవులు మెల్లమెల్లగ ఖాళీ కాసాగినయి. ముందర కూరల సంగతులు పోయినయి, తర్వాత పంచాయితీలు, తర్వాత ప్రేమలు. వానకాలం పోయి చలి వచ్చేసరికి తాళం లేని మాట ఒక్కటి కూడా లేదు. సాయంత్రాలు చాన పొడుగయినయి. చాయ్ ఎప్పుడు తాగినా ఒక్కటే. ఇంట్లో వండుకుంటూ, ఆ పిల్ల ఏం వండుకుంటున్నదో అనుకునేది, తెలుసుకునే దారి లేదు. దారి లేకుండ చేసింది తనే. అది తలుచుకుంటే దుఃఖం వచ్చేది, ఆ దుఃఖంలోనే జర నిమ్మళం కూడా ఉండేది.

చలికాలంలో ఒక మధ్యాహ్నం, బస్సుల రద్దీ తగ్గిన యాళ్ల, ప్లాట్‌ఫారాలు ఊడ్చే సత్తవ్వ తలుపు నెట్టుకుని లోపలికి వచ్చింది. చీపురు మూలకు పెట్టింది. స్టూలు మీది దుమ్ము చెంగుతో దులిపి, మోకాళ్లు పట్టుకుని కూసున్నది. సద్దిమూట విప్పి, జొన్నరొట్టె సగానికి తుంచింది.

"నీకిప్పుడు ఏం ఇనవడ్తలేదట కదనే" అన్నది నములుతూ. "మంచిదాయె. మా కోడలు సంగతి చెప్పుకుందామంటే ఇన్నాళ్లు నాకు మనసొప్పకపాయె. అయినా గది తర్వాత చెప్త. ఇయ్యాల ఏం కూర తెచ్చినవ్?"

స్వరూప వెనక్కి తిరిగి గోడ దిక్కు చూసింది, ఆ మాట ఎవ్వలతోనో అన్నట్టు. గదిలో ఇంకెవ్వలు లేరు. సత్తవ్వ రొట్టె సగం ఆమె దిక్కు చాపి పట్టుకుని కూసున్నది, చెయ్యి దించకుండ.

"వంకాయ" అన్నది స్వరూప. మైకులో చెప్పినట్టు గట్టిగా వచ్చింది. సత్తవ్వ ఉలిక్కిపడి నవ్వింది. స్వరూప గొంతు తగ్గించుకుని, మనిషితో మాట్లాడేటంత చిన్నగా, మళ్లీ చెప్పింది.